లాఠీ, చలానా, స్కీమ్: రూల్ ఒక్కటే, లెక్కలు మూడు

 

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకునేది వినడానికి చాలా చిన్న విషయంలా ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగడం, లైన్‌లో నిలబడడం, హెల్మెట్ పెట్టుకోవడం, బండి పెట్టాల్సిన చోటే పెట్టడం. రోజూ ఎదురయ్యే రూల్సే. వీటిని ఎక్కువగా ఎవరు పాటిస్తారు? ఎవరు తప్పించుకుంటారు? డబ్బున్నవాళ్ళా, లేనివాళ్ళా?

ఈ ప్రశ్న ఏ టీ కొట్టు దగ్గర వేసినా మీకు రెండు జవాబులే వస్తాయి. ఒకటి, "డబ్బున్నోళ్ళకి పొగరు బ్రో, వాళ్ళకి రూల్స్ ఏంటి?" రెండోది, "చదువుకోని వాళ్ళకి సివిక్ సెన్స్ ఉండదు, అందుకే మన దేశం ఇలా ఉంది." రెండూ మనకి బాగా నచ్చే జవాబులే. ఎందుకంటే రెండిట్లోనూ తప్పు చేసేది మనం కాదు, ఎవరో వేరేవాళ్ళు.

ఈ రెండు జవాబులూ ఎక్కడ తేడా కొడుతున్నాయో చూద్దాం. ఎందుకు చూడాలి అంటారా? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. ఇది కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో హెల్మెట్ పెట్టుకోకుండా చనిపోయినవాళ్ళు 50,029. రోడ్డు మీద నడుస్తూ చనిపోయినవాళ్ళు 32,825. కాబట్టి ఇది మర్యాద గురించి క్లాస్ పీకే ఎపిసోడ్ కాదు. ఈ "చిన్న" రూల్స్ దగ్గర ప్రాణాలు పోతున్నాయి.

సరే, మొదటి జవాబుతో మొదలుపెడదాం. డబ్బున్నోళ్ళకి పొగరు.

దీనికి ఒక ఫేమస్ రీసెర్చ్ ఉంది. అమెరికాలో పాల్ పిఫ్ అనే సైకాలజిస్ట్, ఆయన టీమ్ కలిసి 2012లో పబ్లిష్ చేశారు. కాలిఫోర్నియాలో జీబ్రా క్రాసింగ్ మీదకి మనిషి వస్తే కారు ఆపాలి, అది చట్టం. వీళ్ళు ఏం చేశారంటే, ఒక మనిషిని రోడ్డు దాటడానికి నిలబెట్టి, వచ్చే కార్లని గమనించారు. కారు ఎంత ఖరీదైనదో చూసి ఐదు గ్రూపులుగా విడగొట్టారు. బాగా పాత, చవక కార్ల గ్రూపులో అందరూ ఆగారు. ఒక్కరు కూడా ఆగకుండా పోలేదు. బాగా ఖరీదైన కార్ల గ్రూపులో దాదాపు సగం మంది ఆగకుండా వెళ్ళిపోయారు.

చూశారా, దొరికింది ప్రూఫ్! అని రీల్ చేసి పెట్టేయొచ్చు. చాలామంది పెట్టారు కూడా. కానీ కథ అక్కడితో అయిపోలేదు.

నెదర్లాండ్స్‌లో ముగ్గురు ఎకనామిస్టులు ఇంకోలా టెస్ట్ చేశారు. ఒక సిటీలో డబ్బున్న ఇళ్ళకీ, పేద ఇళ్ళకీ, పొరపాటున వచ్చినట్టుగా వేరేవాళ్ళ పేరుతో కవర్లు వేశారు. కవర్ లోపల ఏముందో బయటికి కనిపిస్తుంది. కొన్నిట్లో క్యాష్ ఉంది. ఇప్పుడు చెప్పండి, ఎవరు తిరిగి పంపారు ఎక్కువగా? డబ్బున్నవాళ్ళు. "అయితే పేదవాళ్ళు నిజాయితీ లేనివాళ్ళా?" అని వెంటనే అనకండి. వాళ్ళు ఇంకొంచెం లోతుగా లెక్క చూశారు. చేతిలో డబ్బు లేనప్పుడు ఉండే ఒత్తిడినీ, ఆ కొంచెం క్యాష్ ఆ ఇంటికి ఎంత పెద్ద విషయం అన్నదాన్నీ లెక్కలోకి తీసుకుంటే, రెండు గ్రూపుల మనసుల్లో తేడా ఏమీ కనిపించలేదు. ఈ పేపర్ 2021లో వచ్చింది.

అంటే ఒక స్టడీలో డబ్బున్నవాళ్ళు తప్పించుకున్నారు, ఇంకో స్టడీలో లేనివాళ్ళు తప్పించుకున్నారు. మనుషుల గుణం మీద పెడితే ఈ రెండూ కలవవు. లెక్క మీద పెడితే కలుస్తాయి. కారు ఆపకుండా పోతే ఖరీదైన కారులో ఉన్నవాడికి పోయేది ఏమీ లేదు. కవర్ తిరిగి పంపితే పేద ఇంటికి పోయేది చాలా ఉంది. ఈ రూల్ పాటిస్తే నాకు ఎంత పోతుంది, పాటించకపోతే ఎంత పోతుంది? ప్రతి మనిషీ లోపల్లోపల వేసుకునే లెక్క ఇదే. ఆ లెక్క అందరికీ ఒకేలా రాదు. మనం ఏ క్లాస్‌లో ఉన్నాం అన్నదాన్ని బట్టి అంకెలు మారిపోతాయి.

ఈ లెక్క ఎంత గట్టిదో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి ఆఫీస్ ఉంది కదా. అన్ని దేశాల దౌత్యవేత్తలూ అక్కడే ఉంటారు. బాగా చదువుకున్నవాళ్ళు, మంచి జీతాలు, సూటు బూటు. వాళ్ళకి డిప్లొమాటిక్ ఇమ్యూనిటీ ఉంటుంది, అంటే రాంగ్ పార్కింగ్‌కి టికెట్ రాసినా కట్టించలేరు. 1997 నుంచి 2002 వరకు ఐదేళ్ళలో వీళ్ళు కట్టకుండా వదిలేసిన పార్కింగ్ టికెట్లు ఎన్నో తెలుసా? లక్షా యాభై వేలకి పైగా. ఫైన్ల మొత్తం కోటీ ఎనభై లక్షల డాలర్ల పైనే. సివిక్ సెన్స్ చదువుతో వస్తుంది అనేవాళ్ళు ఈ నంబర్ ఒకసారి గుర్తుపెట్టుకోండి.

తర్వాత 2002 చివర్లో రూల్ మారింది. టికెట్లు కట్టకుండా పెండింగ్ పెడితే కారు డిప్లొమాటిక్ నంబర్ ప్లేట్ పీకేస్తాం అన్నారు. ఏమైంది? కట్టకుండా వదిలేసే టికెట్లు దాదాపు 98 శాతం తగ్గిపోయాయి. వాళ్ళకి కొత్తగా నీతి పాఠాలేం చెప్పలేదు. లెక్క మారింది, అంతే.

ఇందులో ఇంకో విషయం కూడా ఉంది. ఫిస్మన్, మిగెల్ అనే ఇద్దరు ఎకనామిస్టులు ఈ డేటా మొత్తం దేశాల వారీగా చూశారు. ఎవరూ ఏమీ చేయలేని ఆ ఐదేళ్ళలో కూడా నార్వే, స్వీడన్, జపాన్ వాళ్ళకి పెండింగ్ టికెట్లు లేవు. అవినీతి ఎక్కువ ఉన్న దేశాల నుంచి వచ్చినవాళ్ళకే ఎక్కువ ఉన్నాయి. అంటే మనం పెరిగిన చోట రూల్ ఎలా నడుస్తుందో చూసి, ఆ అలవాటుని సూట్‌కేస్‌లో పెట్టుకుని వెళ్తాం. శిక్ష ఒక్కటే కాదు, "రూల్ అందరికీ ఒకటే" అన్న నమ్మకం కూడా పని చేస్తుంది. ఈ పాయింట్ పక్కన పెట్టుకోండి, మళ్ళీ వద్దాం.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఫైన్ లెక్క చేద్దాం.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. ఆ సవరణ ప్రకారం హెల్మెట్ లేకపోతే జరిమానా 1000 రూపాయలు. రాష్ట్రాన్ని బట్టి నిజంగా వసూలు చేసేది మారుతుంది, కానీ లెక్క కోసం 1000 అనుకుందాం. నెలకి 15,000 సంపాదించే అన్నకి రోజుకి 500. అంటే ఒక చలానా రెండు రోజుల కష్టం. నెలకి 3 లక్షలు సంపాదించే సార్‌కి రోజుకి 10,000. ఆయనకి అదే చలానా ఒక గంట జీతం కూడా కాదు. పేపర్ మీద ఫైన్ ఒక్కటే. ఒకరికి అది శిక్ష, ఇంకొకరికి అది పార్కింగ్ టోకెన్ లాంటిది.

ఫైన్ తక్కువైతే ఏమవుతుందో ఇజ్రాయెల్‌లోని హైఫాలో చూశారు. చిన్నపిల్లల డే కేర్ సెంటర్లలో తల్లిదండ్రులు సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి లేట్‌గా వస్తున్నారు. పది నిమిషాలు దాటితే 10 షెకెల్‌లు ఫైన్ అన్నారు. చిన్న మొత్తమే. లేట్‌గా రావడం తగ్గాలి కదా? దాదాపు డబుల్ అయింది! ఎందుకంటే అంతకుముందు "పాపం టీచర్ వెయిట్ చేస్తోంది" అనే మొహమాటం ఉండేది. ఫైన్ పెట్టగానే అది సర్వీస్ ఛార్జ్ అయిపోయింది. డబ్బు కడుతున్నాంగా! తర్వాత ఫైన్ ఎత్తేసినా లేట్ తగ్గలేదు. ఒకసారి పోయిన మొహమాటం తిరిగి రాలేదు.

మరి దీనికి మందు లేదా అంటే, ఫిన్లాండ్ వాళ్ళు 1921 నుంచే ఒకటి వాడుతున్నారు. పెద్ద తప్పులకి ఫైన్ రూపాయల్లో కాకుండా రోజుల్లో వేస్తారు. నీ ఆదాయం ఎంతో చూసి, దాన్నిబట్టి ఒక రోజు విలువ కడతారు. 2023లో ఆండర్స్ విక్లోఫ్ అనే కోటీశ్వరుడు 50 స్పీడ్ లిమిట్ ఉన్న చోట 82లో వెళ్ళాడు. ఫైన్ 1,21,000 యూరోలు. అంటే కోటి రూపాయల పైన! అదే లెక్క మన దగ్గర ఉంటే, 15,000 జీతం అన్నకి 1000 పడిన చోట 3 లక్షల జీతం సార్‌కి 20,000 పడాలి. అప్పుడు ఆయన కూడా అదే నొప్పి ఫీల్ అవుతాడు.

ఇంకోవైపు చూద్దాం. ఇప్పటిదాకా రూల్ తప్పితే పోయేదాని గురించి మాట్లాడాం. రూల్ పాటిస్తే పోయేది కూడా ఉంటుంది. మనం ఎప్పుడూ లెక్కలోకి తీసుకోనిది ఇదే.

ఒక బండి మీద భర్త, భార్య, ఇద్దరు పిల్లలు వెళ్తున్నారు అనుకోండి. రూల్ ప్రకారం తప్పు. ప్రమాదం కూడా, అందులో డౌటే లేదు. కానీ వాళ్ళు రూల్ పాటించాలంటే ఏం చేయాలి? ఆటో మాట్లాడుకోవాలి, లేదా రెండు ట్రిప్పులు వేయాలి, లేదా బస్సు ఉండాలి. కారున్నవాడికి ఆ రూల్ ఫ్రీగా వస్తుంది. నలుగురూ ఎక్కి, ఏసీ వేసుకుని, రూల్ పాటిస్తున్నామని కూడా తెలియకుండా పాటించేస్తాడు. ఆ బండి మీద కుటుంబానికి అదే రూల్ ఆటో కిరాయి అంత ఖరీదు.

హెల్మెట్ సంగతి చూడండి. 2021 జూన్ 1 నుంచి టూవీలర్ హెల్మెట్ అంటే ఐఎస్ఐ మార్క్ ఉన్నదే తయారు చేయాలి, అమ్మాలి. కానీ రోడ్డు పక్కన తాడుకి వేలాడదీసి అమ్మే టోపీ లాంటివి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. కొనేవాళ్ళకి తెలియదా అది తలని కాపాడదని? చాలామందికి తెలుసు. వాళ్ళు కొనేది తల కోసం కాదు, కెమెరా కోసం. చలానా తప్పితే చాలు. ఎందుకంటే రూల్ వాళ్ళ దగ్గరికి ఎప్పుడూ చలానా రూపంలోనే వచ్చింది, కాపాడే వస్తువుగా ఎప్పుడూ రాలేదు. నంబర్ ప్లేట్ వంచడం, మాస్క్ తగిలించడం, అన్నీ ఇదే లెక్కలోంచి వచ్చినవే. తప్పు కాదు అనట్లేదు. ఎక్కడి నుంచి వస్తోందో చెప్తున్నా.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వచ్చాం. ఒకే రకం తప్పు మూడు క్లాసుల వాళ్ళు చేస్తే ఏం జరుగుతుంది?

ఒక తోపుడు బండి అన్న ఫుట్‌పాత్ మీద అరటిపళ్ళు అమ్ముతున్నాడు. ఒక బైక్ అతను నో పార్కింగ్‌లో బండి పెట్టాడు. ఒక బిల్డర్ పర్మిషన్ కంటే ఒక ఫ్లోర్ ఎక్కువ వేసి, పార్కింగ్ ఉండాల్సిన సెల్లార్‌లో షాపులు పెట్టాడు. ముగ్గురూ చేసింది ఒకటే: తనది కాని జాగా వాడుకోవడం.

తోపుడు బండి అన్న దగ్గరికి వచ్చేది లాఠీ. బండి ఎత్తి వ్యాన్‌లో వేస్తారు, పళ్ళు రోడ్డు మీద. బైక్ అతనికి వచ్చేది చలానా, ఫోన్‌కి మెసేజ్. బిల్డర్‌కి వచ్చేది స్కీమ్. క్రమబద్ధీకరణ! ఫీజు కట్టు, మీ తప్పు ఒప్పు అయిపోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీపీఎస్ వచ్చింది. తెలంగాణలో 2015లో బిల్డింగులకి ఒకటి, లేఅవుట్లకి ఒకటి వచ్చాయి. 2020లో మళ్ళీ ఎల్ఆర్ఎస్ వచ్చింది, దానికి 25 లక్షలకి పైగా అప్లికేషన్లు వచ్చాయి. అప్లై చేసినవాళ్ళందరూ పెద్దోళ్ళు కాదు. పర్మిషన్ లేని వెంచర్‌లో తెలియక ప్లాట్ కొనుక్కుని ఇరుక్కున్న మామూలు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళకి ఆ స్కీమ్ అవసరమే. కానీ ఆ వెంచర్ వేసి, అమ్మి, వెళ్ళిపోయినవాడికి దీన్నుంచి వచ్చిన పాఠం ఏంటి? ముందు కట్టేయ్, తర్వాత చూసుకుందాం.

తమాషా ఏంటంటే, ఈ ముగ్గురిలో చట్టం ఎక్కువగా ఎవరి వైపు ఉందో తెలుసా? తోపుడు బండి అన్న వైపు. 2014లో పార్లమెంట్ వీధి వ్యాపారుల చట్టం చేసింది. సర్వే పూర్తి చేసి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే, పళ్ళు, కూరగాయల లాంటివి అడిగిన రోజే తిరిగి ఇచ్చేయాలి. ఇది చట్టం. ఇప్పుడు మీరు మీ ఏరియాలో చూసింది గుర్తు తెచ్చుకోండి. అక్కడ రూల్ ఎవరు బ్రేక్ చేస్తున్నారు?

"బ్రో, హైడ్రా వచ్చి పెద్దోళ్ళవి కూడా కూల్చింది కదా" అంటారు. నిజమే. 2024 జులైలో హైడ్రా పెట్టారు, ఆగస్టులో మాదాపూర్‌లో ఒక పెద్ద కన్వెన్షన్ సెంటర్ కూల్చారు. రాష్ట్రమంతా రోజుల తరబడి అదే మాట్లాడుకుంది. ఎందుకు? అలా జరగడం అరుదు కాబట్టే అది వార్త అయింది. తోపుడు బండి ఎత్తుకుపోతే అది వార్త కాదు, మంగళవారం.

చలానా దగ్గర కూడా ఒక పాఠం ఉంది. తెలంగాణలో 2022 మార్చిలో పెండింగ్ చలానాలకి డిస్కౌంట్ ఇచ్చారు. బైకులకి, ఆటోలకి 75 శాతం, కార్లకి 50 శాతం. 2023 డిసెంబర్‌లో మళ్ళీ ఇచ్చారు. తోపుడు బండ్లకి 90, బైకులకి, ఆటోలకి 80, కార్లకి 60 శాతం. చూశారా, ఎవరికి ఎంత భారమో ప్రభుత్వానికి కూడా తెలుసు! డిస్కౌంట్ ఇచ్చేటప్పుడు క్లాస్ గుర్తొచ్చింది, ఫైన్ వేసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. ఇంకోటి, టైమ్‌కి చలానా కట్టినవాడు ఫుల్ కట్టాడు. కట్టనివాడు ఆఫర్‌లో కట్టాడు. మరి నెక్స్ట్ టైమ్ ఎవరు టైమ్‌కి కడతారు? అందరూ దసరా సేల్ కోసం వెయిట్ చేసినట్టు వెయిట్ చేస్తారు.

ఇంతవరకు క్లాస్ అంటే డబ్బు అనే మాట్లాడాం. మన దగ్గర క్లాస్ అంటే డబ్బు ఒక్కటే కాదు, పలుకుబడి. కారు అద్దం మీద ఎమ్మెల్యే స్టిక్కర్, ప్రెస్ స్టిక్కర్. ట్రాఫిక్ పోలీస్ ఆపగానే ఫోన్ తీసి "ఒకసారి సార్‌తో మాట్లాడండి" అని చేతికివ్వడం. "నేనెవరో తెలుసా?" అని అడగడం. ఎర్రబుగ్గ కార్లని 2017 మే 1 నుంచి తీసేశారు. మంత్రులు, అధికారుల కార్ల మీద లైట్ పోయింది. కానీ ఆ లైట్ చాలామంది బుర్రలో ఇంకా వెలుగుతూనే ఉంది.

ఆ పలుకుబడి ఎంత దూరం వెళ్తుందో 2024 మే 19న పుణెలో చూశాం. 17 ఏళ్ళ కుర్రాడు నడిపిన పోర్షే కారు గుద్ది ఇద్దరు చనిపోయారు. ఇద్దరూ మనలాంటి ఐటీ ఉద్యోగులే. మొదట బెయిల్‌కి పెట్టిన షరతుల్లో ఒకటి, రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయమని. దేశమంతా గోల చేశాక ఆ ఆర్డర్ మారింది. రక్తం శాంపిల్ మార్చారనే ఆరోపణ మీద డాక్టర్లు అరెస్ట్ అయ్యారు. కోర్టు విషయం కోర్టు చూసుకుంటుంది. నేను చెప్పేది ఆ వారం ఈ వార్త చదివిన లక్షల మంది గురించి. ట్రిపుల్ రైడింగ్‌కి చలానా కట్టిన కుర్రాడు, బండి పోగొట్టుకున్న అరటిపళ్ళ అన్న. వాళ్ళు నేర్చుకున్నది ఏంటి? రూల్ అనేది మంచిది కాబట్టి పాటించాల్సింది కాదు, దొరికిపోయేవాడికి పడేది. ఈ నమ్మకం ఒకసారి కూర్చుంటే దాన్ని ఏ అవేర్‌నెస్ ర్యాలీ తీయలేదు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒక మాట వినేవాణ్ణి: యూజర్లందరూ ఒకే తప్పు చేస్తుంటే తప్పు యూజర్‌ది కాదు, డిజైన్‌ది అని. ఇక్కడ అది సగమే కరెక్ట్. ఎందుకంటే డిజైన్‌లో కొందరికి అడ్మిన్ యాక్సెస్ ఇచ్చి పెట్టాం. వాళ్ళు ఏం చేసినా ఎర్రర్ రాదు. మిగతావాళ్ళకి ప్రతి క్లిక్‌కి ఎర్రర్.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. రూల్ బ్రేక్ చేసేది ఒకరు, చేయించేది ఇంకొకరు.

క్యాబ్‌లో కూర్చుని "అన్నా, అంత దూరం యూటర్న్ ఎందుకు, ఇక్కడే రాంగ్ సైడ్‌లో దింపేయ్" అంటాం. దిగిపోతాం. ఈ-చలానా ఎవరికి వెళ్తుంది? బండి ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకి. మనకి రాదు. ఫుడ్ ఆర్డర్ పెట్టి ఐదు నిమిషాలకోసారి మ్యాప్ చూసి "ఎక్కడున్నావ్ భాయ్?" అని ఫోన్ చేస్తాం. అతను ఆర్డర్ లెక్కన సంపాదిస్తాడు. ఆ ఫోన్ బండి మీద ఎత్తుతాడు, సిగ్నల్ జంప్ చేస్తాడు. తర్వాత మనమే అంటాం, "ఈ డెలివరీ వాళ్ళకి అసలు ట్రాఫిక్ సెన్స్ లేదు." పెద్దసార్లకి డ్రైవర్లు ఉంటారు. ఫ్లైట్ లేట్ అవుతోంది, తొక్కు అంటారు. స్టీరింగ్ మీద చేతులు డ్రైవర్‌వి. లెక్కల్లో తప్పు అతని పేరు మీదే పడుతుంది.

అంటే డబ్బున్నకొద్దీ రూల్ తప్పడం కూడా అవుట్‌సోర్స్ చేయొచ్చు. పైనున్నవాడి తొందర కిందున్నవాడి చలానా అవుతుంది. ఒక్కోసారి కిందున్నవాడి ప్రాణం అవుతుంది. చదువులేనివాళ్ళే రూల్స్ పాటించరు అని మనకి అనిపించడానికి ఇది పెద్ద కారణం. మనకి కనిపించేది హ్యాండిల్ పట్టుకున్నవాడే, వెనక నుంచి తొందరపెట్టినవాడు కాదు.

మరి అందరూ కలిసి రూల్ పాటించే చోటు అసలు లేదా? ఉంది. మీరు చాలామంది రోజూ ఎక్కుతారు. హైదరాబాద్ మెట్రో.

2017 నవంబర్‌లో మొదలైంది. అప్పుడు అందరూ అన్నారు, మనవాళ్ళు ఆరు నెలల్లో గుట్కా మరకలతో నింపేస్తారని. ఇప్పుడు ఎక్కి చూడండి. అమీర్‌పేట స్టేషన్‌లో పీక్ అవర్‌లో తోపులాట ఉంటుంది, కాదనను. కానీ బ్యాగ్ స్కానర్‌లో పెడతారు, కార్డ్ ట్యాప్ చేస్తారు, ఎవరూ పాన్ ఉమ్మరు. ఎక్కేది ఎవరు? మేస్త్రీ పనికి వెళ్ళే అన్న, కోచింగ్ స్టూడెంట్, బ్యాంక్ ఉద్యోగి, లక్షల జీతం టెక్కీ. అదే మనుషులు మెట్లు దిగి రోడ్డు మీదకి రాగానే మారిపోతారు. పది నిమిషాల్లో వాళ్ళ సివిక్ సెన్స్ ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు. లోపల లెక్క వేరు. గేట్‌కి స్టిక్కర్ కనపడదు, అది ఎవరితోనూ ఫోన్‌లో మాట్లాడదు. డబ్బులు ఉంటే తెరుచుకుంటుంది, లేకపోతే లేదు, అందరికీ. పాటించడం కూడా ఈజీ. ఎక్కడ నిలబడాలో గీత ఉంది, ట్రైన్ వస్తుందనే నమ్మకం ఉంది, ఇది తప్పితే ఇంకోటి వస్తుంది. ఆ నమ్మకం ఉన్నప్పుడు తోసుకోవాల్సిన పని లేదు. బయట రోడ్డు మీద ఫుట్‌పాత్ ఉండదు, జీబ్రా గీతలు అరిగిపోయి ఉంటాయి, గ్రీన్ పడినా కారు ఆగదు. అక్కడ నడిచేవాడిని రూల్ పాటించమంటే ఎలా పాటిస్తాడు? ఆ 32,825 మంది అందరూ సెన్స్ లేక చనిపోయారనుకుంటే మనకే సెన్స్ లేనట్టు.

కాబట్టి నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. రూల్‌ని పాటించాలనే మనసు ఏ క్లాస్ సొత్తూ కాదు. మూడు కుదిరితే ఎవరైనా పాటిస్తారు. పాటించడం అందుబాటులో ఉండాలి. తప్పితే అందరికీ ఒకేలా నొప్పి పుట్టాలి. పైవాడికి మినహాయింపు ఉండకూడదు. ఇందులో ఏది లేకపోయినా రూల్ అనేది బలం లేనివాడి మీద పన్ను అవుతుంది.

మరి మనం ఏం చేయాలి? చట్టాలు మార్చేది మనం కాదు, ఫిన్లాండ్ ఫైన్ రేపే రాదు. కానీ మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. క్యాబ్ అన్నని రాంగ్ సైడ్ వెళ్ళమనకండి, ఆ రెండొందల మీటర్లు నడవండి. డెలివరీ అతనికి ఫోన్ చేయాలనిపిస్తే చాట్‌లో "నిదానంగా రా అన్నా" అని ఒక మెసేజ్ పెట్టండి. పోలీస్ ఆపితే మావయ్యకి, బాబాయికి ఫోన్ చేయకండి. మీరు చేసే ఆ ఒక్క ఫోన్, పక్కన నిలబడి చలానా కడుతున్నవాడికి ఒక పాఠం నేర్పుతుంది. మీ కాలనీలో తోపుడు బండ్ల మీద కంప్లయింట్ పెట్టేముందు, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పార్కింగ్ ఉందో షాపులు ఉన్నాయో ఒకసారి కిందకి దిగి చూడండి. అక్కడ షాపులు ఉంటే, వాటి ముందు ఆపిన బండ్లన్నీ ఏ ఫుట్‌పాత్ మీదకి వచ్చాయో కూడా చూడండి.

ఇంకోసారి ఎవరైనా "మనవాళ్ళకి సెన్స్ లేదు" అంటే, ఆ "మనవాళ్ళు" అంటే ఎవరు అని అడగండి. చాలాసార్లు ఆ మాట అన్న మనిషి తప్ప మిగతా అందరూ అని తెలుస్తుంది.

మీ ఏరియాలో చిన్నా పెద్దా తేడా లేకుండా అందరూ పాటించే రూల్ ఏదైనా ఉందా? గుడి లైనో, బస్టాండో, రైతు బజారో, ఏదైనా సరే. ఉంటే అక్కడ ఏం పని చేస్తోందో కామెంట్‌లో రాయండి. తిట్టుకునే ఉదాహరణలు మన దగ్గర బోలెడు ఉన్నాయి, నాకు కావాల్సింది పనిచేసేవి. మంచివి వస్తే వాటి మీదే ఒక ఎపిసోడ్ చేద్దాం.

హెల్మెట్ పెట్టుకోండి. కెమెరా కోసం కాదు, తల కోసం. ఉంటాను మరి, బై.